మూడు దగ్గర నేనంటించిన టేపు

తమ్ముడూ, ఎవరికీ వినపడని స్తుతి దేవుడికి చేరదంటావా?

బైబిల్లో యెరికో గోడలు కూల్చిన కేక గురించి గిద్దలూరు మందిరంలో పాస్టరుగా బోధిస్తూనే, నీ గిటారు యాంప్లిఫయర్ వాల్యూము మూడు దాటకుండా టేపు అంటించింది నేనే. నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు నీ కూతురు ఆ యాంప్లిఫయర్ స్పీకరు ఊడదీసి, దాని బదులు, చప్పుడు బయటికి రాకుండా నేరుగా రికార్డు చేసే పెట్టె తగిలించింది.

"ఇంకా చవకది ఉందిగదమ్మా?" అన్నాను.

"అది శబ్దాన్ని ఊరికే మింగుతాది, పెద్దనాయనా. ఇది నిజం స్పీకరు మాదిరి ఎదురు నెడతాది. నాయన యాంపుకు ఎదురు చెప్పేవాళ్లు ఉండాల, నీ మాదిరి."

నీ గిటారు వాయించింది. గదిలో తీగల గీకుడు తప్ప శబ్దమే లేదు. ఆ పెట్టెకున్న హెడ్‌ఫోన్లు నేను పెట్టుకోగానే నీ హోరు, నువ్వు నా వెనకే నిలబడినట్టు. చేతిలోని బైబిలు పక్కన పెట్టాను.

టేపు పీకేశాను తమ్ముడూ. నువ్వున్న చోట ఇంక ఆగొద్దు. ఈ పూటే వాయించు, గట్టిగా వాయించు.