చెవిల చుక్క నీళ్లు

లచ్చమ్మా, నువ్వు పోయి ఏడాదైంది. బతికున్నప్పుడే నీకు సదువ రాదు, ఇగ ఇప్పుడేం సదువుతవ్. అయినా నాకొచ్చిన నాలుగక్షరాలు పెడుతున్న.

ఊళ్ల కొట్లాటల గడబిడ సద్దుమణిగినంక సూర్యాపేటల గోడలు కట్టుడు మళ్ల షురువైంది. మొన్న పరంజా మీద ఉంటే ఎడమ చెవిల తుమ్మెద మోత లేసింది, పేటంత గిర్రున తిరిగింది. నీ తమ్ముడు మల్లయ్య పట్టుకున్నడు. "ఏం బావా, పొద్దుగాల్నే కల్లు ఏసినవా?" అన్నడు. వాని పండ్లు రాలగొడదామన్నా చెయ్యి లేవలే.

దవాఖానల డాక్టరు చెప్పిండు: "చెవి లోపల నీళ్లుంటయి తాతా. నువ్వు నిటారుగున్నవో వాలినవో అవే చెప్తయి. అవి పొంగితే గిట్లయితది. మొత్తం పోదు. ఉప్పు తగ్గియ్యి, వచ్చినప్పుడు పండుకో, పైకెక్కకు."

"ఎన్ని నీళ్లయ్యా?"

"చుక్కంత."

ఇన్నేండ్లు మట్టం పెట్టి గోడలు లేపిన, నా తలల ఉన్న మట్టం నాకు ఎరుక లేదు. ఒక్క చుక్క ఇంత మనిషిని నిలబెడతాందంటే ఏమనాలె!

నీకు తల తిరిగే సంగతి చెప్తే, నీది గూడ గదే జబ్బన్నడు డాక్టరు. వాడకట్టోళ్లు అమ్మవారు పూనిందని పసుపు తెస్తే, "అమ్మవారైతే కోడిని అడుగుతది, నాకు వాంతొస్తాంది, జరుగుండ్రి" అన్నవ్. విసుర్రాయి పట్టుకొని కూసుండి, భూమి ఆగినంక లేసి రొట్టెలు చేసినవ్. నేను ఒక్కసారికే దవాఖానకు ఉరికిన. అన్నేండ్లు ఎట్ల బతికినవే?

ఇయ్యాల తాపీ మల్లయ్య చేతికిచ్చి పైకి పొమ్మన్న. వాడు ఏడ్వబోతే కసురుకున్న. నేను పడలేదు లచ్చమ్మా, దిగిన.