మెట్ల కింద పడుకోబెట్టిన బండ

ఒరే పెద్దోడా, తలుపు తీయకు. నోట్లో బీడీ ఉంటే వీధి చివరే ఆర్పి రా. బెల్లు నొక్కకు. అందరం దర్జీ వాళ్లింట్లో ఉన్నాం. నువ్వు ఫోను ఎత్తి చావవు కాబట్టి దర్జీ కొడుకు చేత ఈ చీటీ పంపుతున్నాను. ఫైరింజనుకు చెప్పించాను, వాళ్లొచ్చేలోపు గడప తొక్కితే నా మీద ఒట్టే.

షాపు తాళం పాడైందని వెల్డింగు గ్యాసు బండను ఇంటికి తెచ్చి, మెట్ల కింద గోనె కప్పి పడుకోబెడతావా? దాన్ని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలని నాకు చెప్పింది నువ్వే కదరా! పొద్దున లేచేసరికి ఇల్లంతా వెల్లుల్లి కంపు. ఇంట్లో వెల్లుల్లి అయిపోయి నాలుగు రోజులైంది, ఆ కంపు లీకైన నీ గ్యాసుదే. నీ పెళ్లాం పాలు కాచడానికి లైటరు పట్టుకుంటే, చేతి మీద ఒక్కటిచ్చి బయటికి లాక్కొచ్చాను.

మీ నాన్న అగ్గిపుల్ల గీసి లీకు వెతికిన రోజు మరిచావా? ఆయన కనుబొమలు మళ్లీ మొలవనే లేదు. ఇరవై ఏళ్ల అనుభవం అంటావు. నిప్పుకు నీ అనుభవంతో పనేమిటిరా?

ఇంకో మాట. నిన్న సాయంత్రం నీ కూతురు ఆ బండను గుర్రం చేసుకుని ఊగింది. గోనె కింద ఏదో దుంగ ఉందనుకుని ఎక్కించింది నేనే. ఈ ముక్క నీ పెళ్లానికి చెప్పకు.