ఉప్పు అనని మనిషి

పాలకుర్తి,
ఆదివారం, 16 ఫిబ్రవరి 2025.

పూజ్యురాలు కళావతక్కకు,

అమూల్య చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అవ్వ, బాపు, అమ్మ అందరూ బాగున్నారు. మీరూ బాగున్నారని తలచి మొదలుపెట్టడం పద్ధతి. కానీ ఈ పూట ఆ ఒక్క వాక్యం రాయడానికే నాకు ధైర్యం చాలడం లేదు. మీరు బాగుండాలి, అందుకే రాస్తున్నాను.

షారోన్, అక్కకు చదువు రాదు, ఆమె గదిలో ఉండి చదువుకునేదానివి నువ్వే కాబట్టి ఇది నీ చేతికి పంపుతున్నాను, జర నెమ్మదిగా చదువు. టిఫిన్ బండి దగ్గర వద్దు. అక్కను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు చదువు. ఇది తెచ్చే మా హరీశ్ అన్నకు లోపల ఏముందో తెలియదు. నీకు ఇంగ్లిష్ నోట్సు అని చెప్పి ఇస్తాను. అన్నకు నిజం చెబితే చెల్పూరు కరెంటు ప్లాంటులో తనతో పనిచేసే పదిమందికీ చెబుతాడు. ఆ పదిమందీ పొద్దున తినేది అక్క బండి దగ్గరే.

అక్కా, మీరు వద్దన్న పని చేశాను. మీ మీద కథ రాశాను. అది విని మీ ఆయన జనగామలో మా కాలేజీకి వచ్చాడు.

ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెబుతాను. డిగ్రీలో చేరాక నాకు మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట చెవిన పడితే నోట్‌బుక్కులో రాసుకుంటాను. కానీ మాటలు పోగైనంత సులువుగా మనుషులు పోగవ్వరని కథ రాయబోతే తెలిసింది. మొదటి కథలో ఒక రైతును పెట్టాను. మా తెలుగు సార్ దానియేలు గారు అది క్లాసులో చదివి, "ఏందమ్మా, నీ రైతు ఎండైతే చెమట తుడుచుకుంటడు, వానైతే మొకం పైకెత్తుతడు. గంత పని క్యాలెండర్ మీది రైతు గూడ చేస్తడు. గీయనకు మళ్ళ పేరెందుకు?" అని అడిగారు. వెనక బెంచీ నుంచి ఎవరో "క్యాలెండరయ్య" అన్నారు. నెల రోజులు ఆ పేరు నాకే అంటుకుంది.

తర్వాత ఒకరి ముక్కు, ఇంకొకరి నడక, మా మేనత్త కోపం తెచ్చి అతికించాను. బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టాను. కాలు కుంటి చేశాను. మనిషి మాత్రం లేచి నిలబడలేదు. ఎవరికీ లేని పేరు కోసం రెండు రోజులు వెతికాను. పేరు దొరికింది కానీ, పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

దసరా సెలవులకు చెల్పూరులో అన్న గదికి వచ్చినప్పుడు మీరు కనిపించారు. పన్నెండు రోజులు మీ బండి పక్కన బల్ల మీద కూర్చున్నాను. చదువుకుంటున్నానని మీరు అనుకున్నారు. నేను మిమ్మల్ని చూస్తున్నాను. మూడో రోజున పట్టుకున్నాను, మీరు ఉప్పు అనే మాట అనరని. "చట్నీల తెల్లది తక్కువైందా తమ్మీ?" అని మీరు అడిగితే, అన్న స్నేహితుడు ఐలేశ్, "ఏ తెల్లదక్కా? పిండా, చక్కెరనా, మా సూపర్‌వైజర్ అంగీనా?" అన్నాడు. అందరూ నవ్వారు, మీరూ నవ్వి ఉప్పు డబ్బా వాడి ముందుకు తోశారు. ఉప్మాను మీరు 'రవ్వది' అనేవారు. బస్సు ఉప్పల్ దాకా పోతుందని అన్న అంటే, "గదే, హైదరాబాద్‌ల ముందుగాల తగిలే బస్టాండు" అన్నారు.

దీపాలు పెట్టాక ఉప్పు పేరెత్తకూడదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు, అట్లాంటిదే అనుకున్నాను. కానీ మీరు పట్టపగలు కూడా అనేవారు కాదు. ఎందుకని అడిగితే, "అలవాటు చెల్లె" అని దోసె తిప్పారు.

చివరి రోజున వంకరపోయిన మీ ఎడమ మణికట్టు గురించి అడిగాను. "ఆయన ఇరగ్గొట్టిండు. ఐదేండ్లైంది ఎల్లొచ్చి. దొరికితే సంపుతనని ఊరంత చెప్పుకుంట ఎతుకుతున్నడట. నా ముచ్చట యాడ రాయకు చెల్లె" అన్నారు. రాయనని మాట ఇచ్చాను. బస్సు చెల్పూరు దాటకముందే నోట్‌బుక్కు తెరిచాను.

అన్నీ మార్చానక్కా, నమ్మండి. మీ పేరు తీసి లచ్చవ్వ అని పెట్టాను. మీకు ఇరవై ఏళ్ళు ఎక్కువ వేశాను. చెల్పూరు నుంచి తీసుకుపోయి మహదేవపూర్ దిక్కున గోదారి ఒడ్డున దించాను. దోసెలు తీసేసి చేపల కూర అమ్మించాను. మీ చేతిని కూడా బాగుచేశాను. కథలో లచ్చవ్వ ఎడమ చేత్తో బిందె లేపుతుంది. ఉప్పు ఒక్కటే మార్చలేకపోయాను. రెండుసార్లు కొట్టేశాను. కొట్టేసినప్పుడల్లా లచ్చవ్వ కూడా క్యాలెండర్‌లోకి పోయింది. మళ్ళీ రాయగానే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. పేరు కాదు, ఊరు కాదు, ఒక అనని మాటతో ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను.

జనవరిలో మా కాలేజీ వార్షిక పుస్తకంలో కథ వచ్చింది. సార్ అందరి ముందూ, "ఇగో, గీమె మనిషి" అన్నారు. ఆ రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబురం.

మొన్న గురువారం క్లాసులు అయిపోయి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకాయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఇస్త్రీ అంగీ, నూనె రాసి దువ్విన తల, పక్కన ట్రాలీ ఆటో. చేతిలో మా కాలేజీ పుస్తకం చుట్టి పట్టుకున్నాడు. "మాది మానుకోట దగ్గర బిడ్డా. మా పక్కింటి అనిత మీ కాలేజీలనే సదువుతది. ఇంటికాడ గీ కథ సదివి ఇనిపిచ్చింది. అచ్చం మనిషి కండ్ల ముందట నిలవడ్డట్టే ఉంది" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, దగ్గరి చుట్టమేమో అనుకున్నాను. సిగ్గుతో రాస్తున్నానక్కా, ఆ నిమిషం నాకు సంతోషం కలిగింది.

"గీమె యాడుంటది?" అని అడిగాడు. ఎక్కడా ఉండదు, కల్పితం అన్నాను. "కల్పితమంటే ఏంది బిడ్డా, అబద్ధమా?" అన్నాడు. అబద్ధం కాదు కాకా అన్నాను. "అబద్ధం గాకుంటే నిజమే గద" అని నవ్వాడు. పుస్తకం విప్పాడు. 'తెల్లది' అని వచ్చిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీత ఉంది. ఏడు గీతలు. వేరే ఏ మాట కిందా గీత లేదు. ఇంకో పేజీ తిప్పి వేలు పెట్టాడు. "ఎడమ చేత్తోటి బిందె లేపిందని రాసినవు. మరి చెయ్యి బాగైందా?" అని అడిగాడు.

కథలో ఆ చేతికి దెబ్బ తగిలిందనే లేదు.

నాకేమీ తెలియదని చెప్పి లోపలికి పరుగెత్తాను. వెనక నుంచి, "మళ్ళ కలిస్తే నేనొచ్చిన్నని చెప్పు, ఉప్పలయ్య అని చెప్పు" అని వినిపించింది. ఆయనకు నేనేమీ చెప్పలేదక్కా. ఆ భయంలో పేరు కూడా పట్టించుకోలేదు. ఆయనకు ఎట్లా తెలిసింది, ఎట్లా తెలిసింది అని అదే ధ్యాస. శుక్రవారం క్లాసుకు పోలేదు. హాస్టల్ గేటు దగ్గర ట్రాలీ ఆటో చప్పుడు వినపడినప్పుడల్లా గది గడియ చూసుకున్నాను.

నిన్న ఇంటికి వచ్చి మా అవ్వకు కథ చదివి వినిపించాను, గేటు దగ్గర జరిగింది చెప్పకుండానే. చింతపండు పిక్కలు తీసుకుంటూ వింటోంది. రెండో 'తెల్లది' దగ్గరే చెయ్యి ఆపింది. 'ముందుగాల తగిలే బస్టాండు' రాగానే, "ఆగు. ఆమె పెనిమిటి పేరు ఉప్పలయ్య అయ్యుంటది" అంది.

నా చేతిలోంచి పుస్తకం పడిపోయింది. నీకెట్లా తెలుసని అడిగితే అవ్వ నన్నే వింతగా చూసింది. "మొగని పేరు పెండ్లం నోట తీస్తదా? ఆ పేరు ఇనవడే మాట గూడ తియ్యదు. తీస్తే ఆయన ఆయుష్షు తగ్గుతదంటరు. నువ్వు పుట్టినకాడికెళ్ళి నా నోట 'భద్రం' అన్న మాట ఇన్నవానే?" అంది. మా తాత పేరు భద్రయ్య. పందొమ్మిదేళ్ళుగా ఇంట్లో ఉన్న ప్రతి రాత్రీ అవ్వ మంచం పక్కనే పడుకుంటున్నాను. భద్రాచలాన్ని ఆమె 'రాములోరి గుట్ట' అంటే ముద్దుగా అంటోందనుకున్నాను. మనుషుల్ని చూడటం వచ్చిందని సార్ నన్ను మెచ్చుకున్నారు, చూడండి.

గేటు దగ్గరి సంగతి అప్పుడు చెప్పాను. అవ్వ నెత్తి కొట్టుకుని, "ఓ పిచ్చిదానా, ఆమె ఊరు దాసినవు, పేరు దాసినవు, మొగని పేరు అచ్చేసినవు గదనే" అంది.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మీ చెయ్యి విరిచినవాడి ఆయుష్షును మీరు ఐదేళ్ళుగా మీ నాలుకతో కాపాడుతున్నారు. మీకు ఆ సంగతి తెలుసో, అది ఉత్త అలవాటేనో నాకు తెలియదు. అడిగే ముఖమూ లేదు. ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను. ఇక నుంచి ఉప్పును ఉప్పు అనండి. మొదట నోరు తిరగకపోతే గదిలో షారోన్ ముందు అనండి. ఆయన చెవి పెట్టి వెతికేది ఆ మాట అనని మనిషి కోసమే. ఆయనకు ఊరు తెలియదు కాబట్టి ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. అయినా కొన్నాళ్ళు కొత్త మనిషి ఎవరు పలకరించినా జాగ్రత్త.

పుస్తకాలు వెనక్కి తీసుకోమని దానియేలు సార్‌ను రేపు అడుగుతాను. మూడు వందలు అచ్చేశారు. ఎన్ని దొరుకుతాయో తెలియదు. మీకు ఇచ్చిన మాట మాత్రం ఎవరూ వెనక్కి తెచ్చివ్వలేరు.

తిట్టినా, కొట్టినా మీ చెల్లెనే,
అమూల్య

మరొక మాట: అన్న అన్నం తింటున్నాడు, బస్సుకు ఇంకా అరగంట ఉంది. నేను కాగితం మడుస్తుంటే అవ్వ, "ఆయనకు ఊరే తెల్వదంటివి. మరి ఆ కాయిదం మూడుమాట్ల మడిసి ఎందుకిప్పుతున్నవే?" అని అడిగింది. ఈసారి విప్పి పెన్ను తీశాను.

ఆయనకు నేనేమీ చెప్పలేదని పైన రాశాను. అది అబద్ధం. మనిషి కండ్ల ముందట నిలవడ్డట్టే ఉందని ఆయన అన్నప్పుడు, ఆ పొగడ్తకు ఉబ్బిపోయి, "ఉత్తగనే రాయలే కాకా, చెల్పూరుల టిఫిన్ బండి కాడ పన్నెండు దినాలు ఆమె ఎదురుంగ కూసోని రాసిన" అన్నాను. కల్పితమన్నది ఆ తర్వాత. లోపలికి పరుగెత్తేటప్పుడు ఆయన తన పేరుతో పాటు ఇంకో మాట కూడా అన్నాడు. "సోమవారం నాకు కిరాయిలుండయి" అన్నాడు.

సోమవారమంటే రేపే, ఆటోకు పని లేదు కాబట్టి చెల్పూరు వస్తాడు. ఆ మాట మూడు రోజులు దాచాను.

అన్నకు ఇప్పుడే అంతా చెప్పాను. సగం అన్నంలో చెయ్యి కడిగి లేచాడు. "నా పక్కన మంచమున్నది, తోల్కరా" అని అవ్వ అన్నతో అంది. ఇది మీరు వినేసరికి అన్న తలుపు బయట నిలబడి ఉంటాడు. తెల్లారేదాకా ఆగొద్దు, అన్నతో మా ఇంటికి రండి. షారోన్, ఇక చదవకు. అక్క సంచి సర్దు.