రెండు వేళ్ల మందం చెక్క

చేవెళ్ల,
1969 ఆగస్టు 24, ఆదివారం.

బాపుకు,

నీ బిడ్డ సాలమ్మ దండాలు పెట్టి రాసేది. దేవుని దయతోని ఇక్కడ అవ్వ, నేను, అబ్రహాము మామ అందరం మంచిగున్నం. అక్కడ నీ దగ్గు తగ్గి, పెయ్యిల సత్తువ వచ్చిందన్న మాట వినాలెనని పొద్దుగాల చర్చిల మోకాళ్లు నొచ్చేదాక అడిగిన.

మామ చేతుల ఒక బట్ట మూట ఉన్నది సూడు. దాన్ని ఇప్పుడే విప్పకు. ఉత్తరం మొత్తం చదివినంకనే విప్పాలె. మామ నోరు ఆగదని నీకు ఎరుకే. నువ్వు చదువుడు అయ్యేదాక ఒక్క ముక్క మాట్లాడనని బైబిలు మీద చెయ్యి పెట్టించుకోని పంపుతున్న. పాపం, శంకర్‌పల్లి దాక సైకిలు తొక్కి, అక్కడికెళ్లి రైలెక్కి, అనంతగిరి గుట్టెక్కి నీ దవాఖాన దాక వచ్చిన మనిషి. కొన్ని నీళ్లన్న తాగుమను.

నిన్న మొయినాబాద్‌ల తుపాకుల మ్యాచి అయింది బాపూ! ఏమైందో ముందే చెప్పను. నీ మిలిటరీ పల్టన్ మ్యాచిల ముచ్చట్లు చెప్పేటప్పుడు ఆఖరి గోలి కాడ ఆపి, చాయ పట్టుకరా బిడ్డా అని మమ్ముల ఎంత సతాయిస్తుంటివి? ఇయ్యాల నా వంతు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ మోకాళ్ల నొప్పులు గట్లనే ఉన్నయి, అయినా వద్దంటె వినక చెల్క కాడికి పోతున్నది. వానలు మంచిగ పడ్డయి, జొన్న నడుమెత్తు లేచింది. మా ట్రైనింగ్ బడి ఇంకా బందే. బస్సులు ఒకరోజు నడిస్తె నాలుగురోజులు నడువయి. సిటీల కర్ఫ్యూ ఎప్పుడు పెడ్తరో ఎప్పుడు తీస్తరో ఎవ్వరికి తెలుస్తలేదు. నిన్ను సూడనీకి నేను రాలేదని నారాజ్ కాకు.

ఇగ తుపాకుల సంగతి. గడబిడల మూలంగ ఊర్లళ్ల లైసెన్సు తుపాకులన్ని ఠాణల పెట్టుమన్నరని పోయిన ఉత్తరంల రాసిన గద. నువ్వు పేర్లు పెట్టిన మన రెండు తుపాకులు, పెద్ద దున్నను, చిన్న లేగను ఇచ్చి రసీదు తీసుకున్న. రసీదు నీ బైబిలుల భద్రంగున్నది. మ్యాచికి రెండూ ఇయ్యుమని మొన్న గురువారం అడగవోతె అమీన్ సాబ్ నా మొకం సూడకుండనే, "రెండెందుకమ్మా? నీకు ఎన్ని భుజాలున్నయి? ఒక్కటి తీస్కపో. మా జవాను అంజిలయ్య నీ ఎంబడి వస్తడు. శనివారం చీకటి పడకముందు వాపసు రావాలె," అన్నడు. పడుకోని కొట్టేటందుకు ఒకటి, నిలబడి కొట్టేటందుకు ఒకటి అని చెప్పవోతె ఆయనకు నవ్వొచ్చింది.

నువ్వేమో "రెండూ ఇయ్యకపోతె మ్యాచికి పోకు. ఒక్కదానితోని పోతె పరువు పోతది" అని రాసినవ్. నిజమే. లేగ తేలిక, నా ఎత్తుకు సరిపోతది, నిలబడి కొడితె చేతుల మాట వింటది. కని దాని గోలి పొయ్యే నళిక అరిగిపోయె. పడుకోని కొడితె గోలీలు నల్లసుక్క సుట్టూ బంతి భోజనానికి కూసున్నట్టు కూసుంటయి. దున్న గురికి తిరుగు లేదు. కని అది నీ చేతుల పొడుగుకు చేసింది. నేను నిలబడి ఎత్తితె వెనక చెక్క కుందా సంకల ఇరుక్కుంటది, చెంప ఆనదు, ముక్కు ఒక దిక్కు కన్ను ఒక దిక్కు అయితది. ముందు నుయ్యి, వెనక గొయ్యి! అర్ధగంట ఆలోచించి, దున్ననే తీసుకున్న.

నువ్వు వద్దన్నా పోయిన బాపూ. తిట్టుడు ఉంటె చివర్ల తిట్టు.

శనివారం కోడి కూయంగనే బయలెల్లినం. మామ సైకిలు మీద నేను, దున్న పెట్టె. ఇంకో సైకిలు మీద అంజిలయ్య. అవ్వ గడప కాడ నిలబడి, "ఊరంత ఒక దారైతె ఉలిపికట్టెది ఒక దారి! పోరగాండ్ల మీద తుపాకులు పేలుతున్న దినాలు, నీకు తుపాకి ఆట కావల్సొచ్చిందా?" అని ఒక్కటే తిట్టుడు. తిట్టుకుంటనే రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి ఇచ్చింది.

కనకమామిడి కాడ రోడ్డుకు అడ్డంగ రాళ్లు పెట్టి ఒక ఇరవై మంది పోరగాండ్లు నిలబడ్డరు. అంజిలయ్య వాళ్లను దూరంకెళ్లే సూసి టోపీ తీసి సంచిల కుక్కి, తలకు తువ్వాల సుట్టుకున్నడు. కని ఖాకీ నిక్కరు ఏడికి పోతది? ఒక్కసారి సుట్టు ముట్టిన్రు. "పోలీసోడు! పెట్టెల ఏమున్నది?" అన్నరు. నేనే దిగి పెట్టె మూత తీసిన. "ఇది మా బాపు తుపాకి. గింత బతుకుల కాయితం మీది సుక్కను తప్ప దేన్ని కొట్టలేదు. మొయినాబాద్‌ల పోటీ ఉన్నది, సిటీ దొరలతోని. మన చేవెళ్లకెళ్లి నేనొక్కదాన్నే పోతున్న," అన్న. ఒకడు వంగి దున్నను సూసిండు, ముట్టలేదు. "మా దోస్తుకు కాలుల గోలి తగిలిందక్కా," అన్నడు మెల్లగ. నేను వాని చెయ్యి పట్టుకున్న. వాళ్లే రాళ్లు జరిపిన్రు. "జై తెలంగాణ, గెలిచి రా అక్కా!" అన్నరు. నేనూ అన్న. అంజిలయ్య గూడ అన్నడు బాపూ, అందరికంటె గట్టిగ!

సిటీల కర్ఫ్యూ ఉందని తుపాకుల క్లబ్బోళ్లు మ్యాచి మొయినాబాద్ అవతల ఒక తోటల పెట్టిన్రు. గుట్ట కింద మట్టి కట్ట పోసి గురి కొట్టే జాగ, చాంద్‌మారి తయారు చేసిన్రు. మొత్తం పదకొండు మందిమి, ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఒక సాబ్ కారుల వచ్చిండు, రెండు తుపాకులు, వాటిని మోసేటందుకు ఇద్దరు నౌకర్లు. నా సైకిలు దిక్కు సూసి, "ఒక్కటే తుపాకా?" అన్నడు. ఒక్కటే సాబ్ అన్న. పొద్దున్నే జడ్జి మేజర్ సాబ్ అందరి తుపాకుల నంబర్లు రాసుకున్నడు. కారు సాబ్‌వి రెండు నంబర్లు, నాది ఒక్కటి.

ముందు పడుకోని ఇరవై గోలీలు. నువ్వు చెప్పినట్టే ఊపిరి సగం ఇడిచి, సగం పట్టి, లోపల "నెమ్మది, నెమ్మది" అనుకుంట కొట్టిన. దున్న కదల్లేదు బాపూ! రెండువందలకు నూటా తొంభైయొకటి! సాబ్‌కు నూటా తొంభైయేడు. ఇగ నిలబడి ఇరవై. మధ్యల పది నిమిషాల టైము.

బాపూ, ఇక్కడిదాక నీకు ఒక మాట దాచిన. ఇగ దాచను. కూసోని చదువు.

నేను దున్న కుందాను కోయించిన.

గురువారం నాడు ఠాణకెళ్లి తెచ్చి, ఇంటికి గూడ పోకుండ సీద వడ్ల బాలప్ప దగ్గరికి తీస్కపోయిన. "నా భుజానికి పెద్దగైతున్నది, వెనక రెండు వేళ్ల మందం కోసెయ్యి" అన్న. బాలప్ప రంపం పక్కకు పెట్టి, "దయానందం సారు తుపాకా? అక్రోటు కర్ర బిడ్డా! నా చెయ్యి రాదు," అన్నడు. నేను బతిమిలాడిన. ఆఖరికి, "సరే, కోసిన ముక్కను ఏం జేస్తవ్?" అని అడిగిండు. నేనేమన్ననో దాచకుండ రాస్తున్న.

"పొయ్యిల పెట్టు, ఇగ దాంతోని పనిలేదు" అన్న.

బుధవారమే నీ ఉత్తరం వచ్చింది గద. "ఇగ నాకు తుపాకులెందుకు బిడ్డా, గడబిడ తగ్గినంక రెండిటిని క్లబ్బోళ్లకు ఇచ్చెయ్యి" అని రాసినవ్. అది చదివి అవ్వ కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్చింది. నేను ఏడ్వలేదు. నాకు కోపమొచ్చింది. నువ్వే రాననుకుంటె నీ పొడుగు చేతుల కొలత ఎవలికోసం దాచాలె అనుకున్న. నువ్వు రావని నేను గూడ నమ్మిన బాపూ. ఒక్క రోజు. ఒక్క రోజే, కని నమ్మిన. నన్ను మాఫ్ చెయ్యి.

నన్ను ఆపింది బాలప్ప. బీడి ఆర్పి, "సారు మంచిగై వస్తడు బిడ్డా. వచ్చి, నా కొలత ఏదిరా బాలప్పా అంటె నేనేం జెప్పాలె? కోసుడు కోస్త. తీసి పారేసుడు చెయ్య," అన్నడు. చీకటి పడేదాక కూసోని నున్నగ కోసి, ముక్కకు రెండు బెజ్జాలు పెట్టి, రెండు పొడుగు స్క్రూలతోని మళ్ల బిగించిండు. అతుకు కండ్లకు గూడ కనవడదు. స్క్రూలకు సబ్బు రాసి, "బిగిస్తె సారుది, ఇప్పితె నీది," అన్నడు.

ఆ మాట వినంగనే నా తలకాయల దీపం వెలిగినట్టయింది! పడుకుంటె చేతులు ముందుకు సాగుతయి గద, అప్పుడు పొడుగు కుందానే మంచిది. నిలబడితె పొట్టిది. శుక్రవారం మొత్తం గోలి లేకుండ ఇంట్ల పడుకునుడు, లేసుడు, స్క్రూలు విప్పుడు, బిగించుడు. అవ్వకు పిచ్చి లేసింది. మనకు రెండు తుపాకులు ఎందుకు బాపూ? ఒక్క దున్నే రెండయింది!

ఇగ మ్యాచి కాడికి రా. ఆ పది నిమిషాలల్ల నేను స్క్రూలు తిప్పే పేచ్‌కస్ తీసి ఇప్పవోతె ఒక స్క్రూ వచ్చింది, రెండోది బిర్రుగ పట్టుకున్నది. మామ గడియారం సూసుకుంట "ఆరు నిమిషాలు, అయిదు నిమిషాలు" అని నా పానం తీస్తున్నడు. అంజిలయ్య పేచ్‌కస్ గుంజుకోని పండ్లు కొరికి తిప్పిండు, టక్కున ఊడింది. అప్పుడే కారు సాబ్ లేసి, "ఇదేం న్యాయం? పొద్దున చూపించిన తుపాకి వేరే, ఇప్పుడు ఈమె చేతుల ఉన్నది వేరే. ఒక్కటని రాయించి రెండు కొడుతున్నది!" అని లొల్లి పెట్టిండు.

మేజర్ సాబ్ వచ్చి దున్నను చేతుల పట్టుకున్నడు. నళిక మీది నంబరు చదివి పొద్దుటి కాయితంతోని కలిపి సూసిండు. చెక్క ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి సూసిండు. సాబ్‌ను అడిగిండు: "మీరు కుర్చీల కూసుంటె ఒక మనిషి, లేసి నిలబడితె ఇంకో మనిషా? నంబరు ఒక్కటే. తుపాకి ఒక్కటే. కొట్టనియ్యుండ్రి." అందరు పక్కున నవ్విన్రు. అంజిలయ్య అయితె చప్పట్లే కొట్టిండు.

నిలబడి ఎత్తిన. కుందా భుజంల వచ్చి కూసున్నది, చెంప దానంతల అదే ఆనింది. మొదటి గోలి తొమ్మిది. రెండోది పది. తర్వాత లెక్క పెట్టలేదు, నువ్వే పెట్టొద్దంటివి. ఇరవై అయినంక చూస్తె నూటా డెబ్భైమూడు! నిలబడి కొట్టుట్ల పదకొండు మందిల నేనే ముందు బాపూ! ఆ రెండు తుపాకుల సాబ్‌కు నూటా అరవై తొమ్మిదే. రెండూ కలిపితె ఆయన మొదలు, నేను రెండు పాయింట్ల తక్కువతోని రెండోదాన్ని. రాష్ట్రం టీముకు తీసుకునేది ఇద్దరినే. నీ బిడ్డను తీసుకున్నరు!

సాబ్ ఇంటికి పొయ్యేటప్పుడు నా దగ్గరికి వచ్చి, ఆ వడ్లాయన ఏ ఊరోడు అని అడిగిండు. నేను చెప్పలేదు. జర సతాయించనీ.

వాపసొచ్చేటప్పుడు కనకమామిడి పోరగాండ్లు మమ్ముల ఆపి అడిగి, మామ సైకిలును ఊరు దాటేదాక నూకుకుంట వచ్చిన్రు. పొద్దు గూకకముందే దున్నను ఠాణల అప్పజెప్పిన.

కని పొట్టి దున్ననే అప్పజెప్పిన బాపూ. ముక్కను ఇయ్యలేదు.

ఇప్పుడు మూట విప్పు. నీ చేతుల ఉన్నది అదే. నీ చేతికి, నా చేతికి ఉన్న తేడా గంతే, రెండు వేళ్లు. డిసెంబరు రెండో వారంల పెద్ద మ్యాచి. పడుకోని కొట్టేటప్పుడు ఆ ముక్క లేకపోతె నేను ఎందుకు పనికిరాను. పోస్టుల పంపుతనంటె తీసుకోను. మామతోని పంపితె మామను గడప కాడికెళ్లే తిప్పి పంపుత. నువ్వు గుడ్డు, పాలు ముట్టకుండ వాపసు పంపుతున్నవట, సూదికి చెయ్యి ఇస్తలేవట. తిను. ఏపిచ్చుకో. మూడు నెలలు మంచిగ మందు వాడితె ఇంటికి పంపుతమని డాక్టర్ సాబ్ అన్నడని మామనే చెప్పిండు. నువ్వు రాసిన పని నేను చెయ్య. తుపాకులు ఎవ్వరికి ఇయ్య.

రెండు స్క్రూలు నా దగ్గర ఉన్నయి. సబ్బు రాసి పెట్టిన. చెక్క నువ్వు తీసుకోని రా.

ఇట్లు,
నీ మాట వినని బిడ్డ,
సాలమ్మ.