ఆమేన్ అన్నారు, గుడ్డు తినలేదు

ఆకలినీ ఆహారాన్నీ కూడా సృష్టించిన తండ్రికి స్తోత్రం.

కృపాదానం గారికి,

హాట్‌బాక్సులో అన్నం, పక్కన మూత పెట్టిన గిన్నెలో గుడ్డు పొరటు ఉన్నాయి. నీచు వాసన తెలియకుండా ఉల్లిపాయలు, మిరియాల పొడి దండిగా వేశాను. అన్నంలో కలుపుకొని అంతా తినండి.

నిన్న ఎదురింటి రెజీనా నవ్వుతూ వచ్చి, "పెద్దమ్మా, పెదనాయన దినామూ కిటికీలోంచి గుడ్డేస్తా ఉండాడు గదా, మా కుక్క యెట్ట బలిసిందో చూడు!" అన్నది.

నేను వంటింట్లో నిలబడి మీ భోజన ప్రార్థన వినేదాన్ని. ఆమేన్ అనగానే తింటున్నారని నమ్మేదాన్ని. దేవునికి స్తోత్రం చెల్లించి, ఆ ఆహారాన్నే కుక్కకు విసిరే భక్తి మీకెక్కడ అబ్బింది? గుడ్డంటే వెగటని నాతో పోట్లాడితే సహించేదాన్ని. ప్రార్థనను అడ్డం పెట్టుకుంటే సహించను.

తుంటి ఆపరేషన్ తరువాత కండ పట్టాలని గుడ్లు తినమన్నది డాక్టరు గారు, నేను కాదు. కండ పట్టనంతకాలం మీరు కుర్చీలోంచి సొంతంగా లేవలేరు. లేపవలసినదాన్ని నేను.

నేను వచ్చేసరికి గిన్నె ఖాళీ కావాలి. కుక్కను కట్టేయమని రెజీనాకు చెప్పాను.

ఈ చీటీ చదివినవారికీ, చదవగా విన్నవారికీ ఆరోగ్యమూ కృపా కలుగును గాక.

నవోమి

మరొక మాట. స్త్రీల కూడికకు వెళ్తున్నానని రాత్రి మీతో చెప్పింది నిజం కాదు. మిమ్మల్ని లేపీ లేపీ నా నడుము పట్టేసింది. చూపించుకోవడానికి నెల్లూరు ఆసుపత్రికి వెళ్తున్నాను. లేవవలసివస్తే రెజీనాను కేకేయండి. ఒంటరిగా లేవవద్దు.