పది పుల్లల గూడు

నర్సీపట్నం,
9 జూలై 1926.

అల్లుడుగారు యాజులు గారికి మీ మామ ఆశీస్సులు.

అనువైన ఇల్లు దొరకలేదనీ, అమ్మాయినీ పిల్లవాణ్ణీ ఇంకో నెల ఉంచమనీ మీరు రాసిన మూడో ఉత్తరం అందింది. ఇల్లు దొరక్కపోవడానికి నక్కపల్లి ఏమన్నా మహానగరమా? బాలింతను మూడో నెలలో పంపడం మన ఆనవాయితీ. పిల్లవాడికి ఐదో నెల వచ్చింది.

ఇక్కడి విశేషం ఒకటే. పెరట్లో నిమ్మచెట్టు మీద గువ్వలు గూడు పెట్టాయి. అంత సిగ్గుమాలిన గూడు నేనెక్కడా చూడలేదు. అడ్డదిడ్డంగా పది పుల్లలు, అంతే. కింద నిలబడితే సందుల్లోంచి రెండు గుడ్లూ కనిపించేవి. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా గువ్వ కదలకుండా పొదుగుతూనే ఉండేది. పాపం ఆడదని జాలిపడ్డాను. మగది ఎక్కడో చేలమ్మట గింజలేరుకుంటూ తిరుగుతోందని నోరారా తిట్టాను.

మా ఇంట్లో పాచిపని చేసే సీతాలు విని నవ్వింది. "అదేటి బాబూ! పగలల్లా కూకున్నది మగదేనండి. సాయంకాలం ఆడదొస్తే అది లెగుస్తాది. రెండూ ఒక్కలాగుంటాయి, తవరు పోల్చుకోలేదు" అంది.

రెండు రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. నిజమే. గుడ్లు పగిలి పిల్లలొచ్చాక పిల్లల నోట్లో మేత పోయడం కూడా రెండూ వంతులేసుకునే చేస్తున్నాయి. ఆ పది పుల్లల మీదే.

మగగువ్వ విషయంలో పొరబడ్డానని సీతాలు ముందు ఒప్పుకున్నాను. మీ విషయంలో కూడా నేను పొరబడ్డానని చెప్పినవాళ్ళు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూడడం మానేసిన
మీ మామ.