ఓడినమని రాయి

నర్సింగ్ సార్,

మీరు పోయి నేటికి ఏడాది. పాతికేళ్లు మీరు కోచ్‌గా ఉన్న మన కాలేజీ కోర్టులో ఇవాళ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. వార్త రాయడానికి నేనే వెళ్లాను. మీ శిష్యురాలు రజిత ఇప్పుడు కోచ్. కప్పు గెలిస్తేనే కొనసాగిస్తామని కాలేజీ వాళ్లు ఆమెకు చెప్పారు.

జట్టులో అందరికంటే బాగా ఆడే పిల్ల ఆలస్యంగా వచ్చింది.

"మేడమ్, పురానాపూల్ కాడ మస్తు ట్రాఫిక్!"

"మిగిలినోళ్లు గాల్లో ఎగిరొచ్చిన్రా? పో, బెంచి మీద కూసో."

ఒకప్పుడు నన్నూ మీరు ఇదే మాట అని కూర్చోబెట్టారు. రజిత ఆ పిల్లను చివరిదాకా ఆడించలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

"వీరోచితంగా పోరాడారని రాయనా?" అని రజితను అడిగాను. ఆమె ఉద్యోగం నిలవాలని నా ఆశ.

"వద్దన్నా, ఓడినమని రాయి. సార్ ఉంటే గా మాటకు నిన్ను గ్రౌండ్ చుట్టూ ఉరికించేటోళ్లు."

జట్టు ఓడిందనే రాశాను. కింద ఒక వాక్యం చేర్చాను: ఆలస్యంగా వచ్చినందుకు జట్టులోని మేటి క్రీడాకారిణిని కోచ్ రజిత ఆడించలేదు.

కాలేజీ వాళ్లు దాన్ని ఎలా చదువుకుంటారో తెలియదు. మీరైతే ఆ వాక్యం కింద గీత గీసి, నోటీసు బోర్డుకు అంటించేవారు.